హేమలత పేరులో సన్నగీత

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా, రేపల్లె నుంచి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు సాహితి అంది. వడ్లమూడి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటోందట. ఏం చదువమ్మా అంటే, అక్షరాల రూపాలు గీయడం అంది. కాలేజీకి వెళ్లి అక్షరాలు దిద్దుకుంటున్నావా అని నవ్వాను గానీ, ఆ పిల్ల ఫోను తీసి చూపించిన అక్షరాలు చూడగానే నా నవ్వు ఆగిపోయింది. నిలువు గీతలు స్తంభాల్లా లావుగా, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నగా, పైనా కిందా బ్లేడుతో గీసినట్టు పల్చటి పట్టీలు. మా ప్రెస్సులో వాటిని సన్నలావు అక్షరాలు అనేవాళ్లం. "ఇప్పుడివే ఫ్యాషనండి ఆంటీ. నగల షాపులు, చీరల షాపులు, పెళ్లి కార్డులు, అన్నిటికీ ఇవే కావాలంటున్నారండి" అంది. "అరవై దాటినదాన్ని పట్టుకుని ఆంటీ ఏంటే, అమ్మమ్మా అను" అన్నాను. ఫ్యాషన్ సంగతి నాకు తెలియకపోలేదు. పోయిన నెల సూర్యలంక వెళ్తూ బాపట్ల దాటాక ఒక కొత్త లాడ్జి బోర్డు చూశాను. అవే అక్షరాలు. బస్సులోంచి చూస్తే సన్నగీతలన్నీ ఎగిరిపోయి, లావు గీతలు మాత్రం దడి కట్టినట్టు వరసగా నిలబడ్డాయి. ఆ పేరేంటో చదవడం నా వల్ల కాలేదు, పక్క సీటావిడ వల్లా కాలేదు. చేత్తో పట్టుకుని చూసుకోవలసిన అక్షరాన్ని తీసుకెళ్లి రోడ్డు మీద వేలాడదీస్తే అంతే మరి.

తర్వాత సాహితి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పాత శుభలేఖను జాగ్రత్తగా నా చేతిలో పెట్టింది. "మా అమ్మమ్మ పెళ్లి కార్డండి. వెనకాల అడుగున మీ ప్రెస్ పేరు, తెనాలి అని ఉంది. అడుగుతూ అడుగుతూ వచ్చాను. ఇందులో ఒక అక్షరం తేడాగా ఉంది, ఎందుకో కనుక్కుని రమ్మంది అమ్మమ్మ." చూడకముందే నాకు తెలిసిపోయింది అది ఏ కార్డో. మెరూన్ రంగు ఇంకా చెక్కుచెదరలేదు. లోపలి విషయమంతా తెలుగులో ఉన్నా, పైన పెళ్లికూతురు పేరూ పెళ్లికొడుకు పేరూ ఇంగ్లీషులో, సన్నలావు అక్షరాల్లో ఉన్నాయి. హేమలత. మొదటి అక్షరం హెచ్‌కి రెండు స్తంభాలూ ఉన్నాయి, వాటిని కలిపే అడ్డగీత లేదు. "ఒకప్పుడు ఉండేదటండి. ఎప్పుడు పోయిందో తనకే తెలీదంది" అంటోంది సాహితి. ఆ గీత ఎలా వచ్చిందో చెప్పగలిగిన మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నలభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

మా ప్రెస్సూ ఇల్లూ ఒకటే. కాలవ వంతెన దిగగానే ముందు గదిలో ట్రెడిల్, దాని వెనక సీసపు అక్షరాలు అరల్లో సర్ది ఉంచే కేసుల గది, ఆ వెనక వంటిల్లు. అమ్మ వేసిన ఇంగువ పోపూ, నాన్న అచ్చు కడిగిన కిరసనాయిలూ నడవలో ఎదురుపడి కలిసిపోయేవి. మీ ఇంట్లో మజ్జిగ కూడా కిరసనాయిలు వాసనేస్తుందని మేనత్తలు వెక్కిరించేవాళ్లు. ట్రెడిల్ అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం. నాన్న తొక్కుతుంటే ఆ అదురుకి వంటింట్లో గిన్నెల మూతలు సన్నగా మోగేవి. నేను ఇంటర్ తప్పాక, "పుస్తకంలో అక్షరాలు నీకెక్కలేదు, సీసపు అక్షరాలన్నా ఎక్కుతాయేమో చూద్దాం" అని నాన్న నన్ను కేసుల ముందు నిలబెట్టాడు. అవి బాగానే ఎక్కాయి. ఏడాది తిరిగేసరికి తిరగేసి ఉన్న అక్షరాలను మామూలు వాటికంటే వేగంగా చదివేదాన్ని.

నాన్న కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటీ పొడుగ్గా పెంచేవాడు. వీణ వాయిస్తాడేమో మీ నాన్న అని అమ్మ ఎద్దేవా చేసేది. ఇరుక్కున్న అక్షరాన్ని వరసలోంచి పైకి లాగడానికి ఆ గోరు, కాగితం కట్టలు లెక్కపెట్టడానికి ఆ గోరు, అన్నిటికంటే ముఖ్యంగా నొక్కు చూడటానికి ఆ గోరు. సీసపు అక్షరం కార్డు మీద పడితే రంగు ఒక్కటే అంటదు, కాగితంలో చిన్న గాడి పడుతుంది. దాన్నే మేం నొక్కు అనేవాళ్లం. నాన్న ప్రతి పనిలోనూ మొదటి కాగితం తీసి అక్షరం మీద గోరు నడిపించి, వెనక్కి తిప్పి వేలితో తడిమి, అప్పుడు తల ఊపేవాడు. "రంగు ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. నొక్కు లేని గీత నిలవదమ్మా" అనేవాడు.

సన్నలావు అక్షరాలు కేసుల్లో ఉండేవి కావు. వాటికో టేకుపెట్టె, దానికో తాళం. అరంగుళం ఎత్తున్న ఒక్కో అక్షరాన్నీ పల్చటి కాగితంలో చుట్టి పెట్టేవాడు, ఎందుకంటే రెండు అక్షరాలు ఒకదానికొకటి తగిలినా ఆ సన్నగీత వంగిపోతుంది. పెళ్లివారి పేర్లకు తప్ప దేనికీ వాటిని బయటికి తీసేవాడు కాదు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందులో హెచ్‌లు సరిగ్గా మూడు.

ఆ ఏడాది నాన్న కళ్లు తగ్గుతున్నాయని నేను ఆలస్యంగా గ్రహించాను. అమ్మకు ముందే తెలుసు కాబోలు. కంచంలో ఉప్పు ఎప్పుడూ ఒకేచోట వేసేది, మంచినీళ్ల గ్లాసు ఒకేచోట పెట్టేది, గుమ్మంలో చెప్పులు కూడా ఉండనిచ్చేది కాదు. నాన్న ప్రూఫు నా చేతికిచ్చి "నా కళ్లజోడు ఎక్కడో పెట్టాను, నువ్వోసారి చూడు" అనేవాడు. కళ్లజోడు జేబులోనే ఉండేది. గుంటూరు డాక్టరు శుక్లాలన్నాడు, ఆపరేషన్ అన్నాడు. పక్కవీధిలో ఒకాయనకు ఆపరేషన్ వికటించి ఉన్న చూపు కూడా పోయింది, దాంతో నాన్న ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఊళ్లో తెలిస్తే ఇంకో భయం. అచ్చువేసేవాడికి కళ్లు లేవంటే వంటవాడికి నాలుక లేదన్నట్టే. ఆ తర్వాత గుమ్మం ఎవరు తొక్కుతారు? పని లేని నాన్నని ఊహించుకోవడం నాకు చేతకాలేదు. ఆయన ట్రెడిల్ ముందు తప్ప ఎక్కడ కూర్చున్నా చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా ఉండేవాడు.

అలాంటి సమయంలో పిట్టలవానిపాలెం నుంచి వీరరాఘవయ్య గారి పని వచ్చింది. ఆయన రెండో కూతురు హేమలత, రేపల్లె సంబంధం, పెళ్లికొడుకు రఘురాం. వీరరాఘవయ్య గారు వరి చేలో గట్టు వంకరగా ఉన్నా సహించని మనిషి. పెద్దకూతురి శుభలేఖల్లో అంచు గీత కొంచెం ఒరిగిందని వేరే ప్రెస్సువాళ్లకు కార్డులన్నీ వెనక్కి కొట్టిన ఘనుడు. ఆయన నోట్లో మాట బాపట్ల నుంచి రేపల్లె దాకా పాకుతుంది. ఈ రెండు పేర్లలోనూ కలిపి హెచ్‌లు మూడు, పెట్టెలో ఉన్నవీ మూడే. నాన్న చేత్తో తడుముకుంటూ పేర్లు పేర్చాడు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. తప్పు పోలేదు.

అచ్చు వేసే రోజు పొద్దున్నే మొదటి కార్డు తీసి నాన్న కిటికీ దగ్గర పట్టుకున్నాడు. "సన్నగీతలు పడలేదు" అన్నాడు.

"పడ్డాయి నాన్నా, బాగానే ఉన్నాయి."

"నాకు కనపడనిది పెళ్లివారికి కనపడుతుందా?" అని, ఒత్తిడి పెంచడానికి కార్డు కింద ఇంకో కాగితం పరిచాడు. మళ్లీ వేశాడు. మళ్లీ చూశాడు. "ఉహూఁ" అన్నాడు. ఇంకో కాగితం. అంత ఒత్తిడి ఆ అక్షరాలు తట్టుకోవని నాకు తెలుసు, ఆ మాట నాకు నేర్పింది కూడా ఆయనే. నీ కళ్లకే కనపడటం లేదు నాన్నా అని ఆ క్షణంలో అనాల్సింది. మూడో కాగితం పరిచేటప్పుడు నేను కావాలనే వెనక గదిలోకి వెళ్లిపోయి, విప్పిన పాత పని తాలూకు అక్షరాలు కేసుల్లో సర్దుతూ కూర్చున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే అదే. ట్రెడిల్ చప్పుడు ఆగకుండా వినపడుతూనే ఉంది, గిన్నెల మూతలు మోగుతూనే ఉన్నాయి.

చప్పుడు ఆగాక కార్డులు ఆరబెట్టడానికి వెళ్లాను. మొదట వేసిన వంద దాకా బాగున్నాయి. అక్కణ్ణుంచి హేమలత మొదటి హెచ్‌లో అడ్డగీత పల్చబడింది, తర్వాత తునిగింది, ఆ తర్వాత లేదు. మిగతా రెండు వందల కార్డుల మీదా రెండు స్తంభాలే. నాన్న ప్రతి పది కార్డులకూ ఒకటి తీసి చూసుకునే మనిషి. చూశాడు కూడా. గీత ఉన్నప్పుడూ ఆయనకు కనపడలేదు, లేనప్పుడూ కనపడలేదు, ఇక తేడా ఎలా తెలుస్తుంది? "ఎలా వచ్చాయే?" అని నాన్న బల్ల మీదనుంచి అడిగాడు. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "బాగా వచ్చాయి నాన్నా" అన్నాను. అది నేను ఆయనతో చెప్పిన మొదటి పెద్ద అబద్ధం.

మళ్లీ వేద్దామంటే ఇంకో హెచ్ లేదు. ఆ కార్డులు మళ్లీ కావాలంటే బెజవాడ వెళ్లాలి. వీరరాఘవయ్య గారు మధ్యాహ్నం పాసింజరుకి వస్తానన్నారు. మర్నాడు పొద్దున్న మొదటి శుభలేఖ బాపట్ల గుళ్లో దేవుడి దగ్గర పెట్టి, పంచేవాళ్లు ఊళ్ల మీదికి బయల్దేరాలి. నాన్నకి చెబుదామంటే ఆయన ఎప్పుడు విరిగిందని అడుగుతాడు. నీ కళ్ల ముందే, రెండు వందల సార్లు, అని చెప్పాలి. ఆ మాట విన్నాక ఆయన ఇక ట్రెడిల్ తొక్కడని నాకు తెలుసు. చెప్పకపోతే ఆ మాట వీరరాఘవయ్య గారు చెబుతారు, వీధంతా వినేలా చెబుతారు.

పోయిన గీతలు చేత్తో గీద్దామని అచ్చు సిరాలో కలం ముంచితే జిగురులా పట్టుకుని కదల్లేదు. దొడ్డిదారిన పక్కింటి టీచరుగారి దగ్గరికి పరుగెత్తి, ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రసిరా బుడ్డి అడిగి తెచ్చాను. అందులో నా కలంలోని బ్లూబ్లాక్ చుక్కలు కలుపుతూ పోతే మెరూన్‌కి దగ్గరగా వచ్చింది. సన్నపాళీ, ఇత్తడి బద్ద పెట్టుకుని కేసుల గదిలో కిటికీ కింద కూర్చున్నాను. మొదటి కార్డు సిరా పీల్చుకుని ఈగ వాలినట్టు మచ్చయింది. దాన్ని నలిపి జాకెట్లో దోపుకున్నాను. రెండోది నిలిచింది. ఊపిరి బిగబట్టి ఒక గీత, వదిలి ఒక కార్డు పక్కన పెట్టడం. చెమట చుక్క కార్డు మీద పడుతుందేమోనని మోచేతికి తువ్వాలు చుట్టుకున్నాను. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. సగం అయ్యేసరికి వేళ్లు వంకరపోయాయి.

"ఏం చేస్తున్నావే అక్కడ?" నాన్న గొంతు.

"ఆరబెడుతున్నా నాన్నా."

"సిరా వాసనొస్తోంది."

"ప్రెస్సులో సిరా వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?" అన్నాను. మామూలుగా అయితే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. బల్ల కిర్రుమంది. లేచి వస్తున్నాడేమో అని పాళీ గాల్లోనే పట్టుకుని కూర్చున్నాను. రాలేదు.

ఆఖరి కార్డు అయ్యాక బాగున్న వందా పైన, నా గీతలవి కింద పేర్చి ముందు గదిలో పెట్టాను. ప్రతి పనికీ ఒక కాపీ తీగకు గుచ్చి ఉంచడం మా ఆనవాయితీ, దీనికి మాత్రం గుచ్చలేదు. నా కళ్ల ముందు అది వేలాడుతూ ఉండటం నేను భరించలేను. అమ్మ అన్నానికి పిలిచింది. దోసకాయ పప్పు, గోంగూర. నడవలోంచి ముందు గది కనపడుతోంది. నాన్న కట్టలు కడతానని కూర్చుని, కార్డులు ఒక్కొక్కటే తీసి బొటనవేలు ఆనించి పక్కన పెడుతున్నాడు. ఎప్పుడూ లెక్కపెట్టేలాగే. కానీ ఎంతసేపటికీ లెక్క తెమలడం లేదు. నేను లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "కూర్చో. నాన్నని ఆయన పని చేసుకోనీ" అని ఇంకో గరిటె పప్పు వేసింది. పాసింజరు కూత వినపడింది.

వీరరాఘవయ్య గారు గొడుగు గుమ్మానికి తగిలించి, కూర్చోకుండానే మొదలుపెట్టారు. "ఏంటి రామకోటయ్యా, కళ్లు మందగించాయటగా? బజార్లో అనుకుంటున్నారు."

"బజార్లోవాళ్ల కళ్లు బాగున్నాయి కదండి, అది చాలండి. మీరు నా పని చూడండి" అన్నాడు నాన్న.

పైకార్డు తీస్తారనుకున్నాను. ఆ మహానుభావుడు కట్ట మొత్తం తిరగేసి, అట్టడుగు కార్డు లాగారు. అది నేను గీసింది. వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూశారు. దగ్గరగా, దూరంగా. తర్వాత నేను మర్చిపోయిన పని చేశారు. కార్డు వెనక్కి తిప్పి, పేరు మీద వేలు నడిపారు. నా గీతకు నొక్కు లేదు. అయిపోయింది అనుకున్నాను. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను, నాన్న వైపు చూసే ధైర్యం లేదు. వైకుంఠపురం స్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

"చూశావా అమ్మాయ్, వెంట్రుకంత గీత, అయినా వెనకాల చేతికి తగులుతోంది. ఇదయ్యా పనంటే" అన్నారు వీరరాఘవయ్య గారు. కార్డులు సంచిలో పెట్టించుకుని, గొడుగు తీసుకుని, స్టేషనుకి వెళ్లిపోయారు. బాగున్నవాటిలో ఒకటి ఎలాగో అడుక్కి చేరి ఉంటుంది, దేవుడే చేర్చాడు, అనుకున్నాను. ఆ శనివారమే కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఆ సాయంత్రం నాన్న టేకుపెట్టె తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు. "రేపట్నించి కూర్పూ ప్రూఫూ నువ్వు చూడు. నేను తొక్కుతా. పైవారం గుంటూరు తీసుకెళ్లు నన్ను" అన్నాడు. ఆపరేషనై, సీసా అడుగంత మందం అద్దాలతో చాలా ఏళ్లు తొక్కాడు. ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చి ట్రెడిల్‌ని ఇనుము కింద అమ్మేదాకా తొక్కాడు. ఆ హెచ్ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన్ని మోసం చేశానన్న ముల్లు మాత్రం నాలో ఉండిపోయింది. ఆయన పోయిన రోజున కూడా కాళ్లు పట్టుకుని నేను ఏడ్చింది దానికే. ఇప్పుడు నా రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి టీ తాగాను. మొన్న సాహితి ఫోన్లో సన్నగీతని వేలితో ఇంకా సన్నం చేసి చూపించింది. ఎంత సన్నం చేసినా అది విరగదు. విరగని గీతకు ఎవరూ ఊపిరి బిగబట్టనక్కర్లేదు, మంచిదే. నాకు మాత్రం కొంచెం అసూయగానూ, కొంచెం వెలితిగానూ అనిపించింది.

ఇదంతా చెప్పి, కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. ఎర్రసిరా కదా, వెలిసిపోయింది, చిన్న ఛాయ కూడా లేదు. అచ్చుసిరా నిలిచింది, నాది పోయింది. నొక్కు లేని గీత నిలవదమ్మా. అలవాటు కొద్దీ బొటనవేలి గోరు ఆ రెండు స్తంభాల మధ్య ఆనించాను. గోరు ఆగింది. అక్కడ గాడి ఉంది. కార్డు తిప్పి తడిమాను. తగులుతోంది. ఇది మొదటి వందలోది కాదు, వాటిలో అయితే రంగు ఉండేది. వెలుగుకు వాల్చి చూశాను. సీసపు గీత పడితే తిన్నగా పడుతుంది. ఈ గాడి తిన్నగా లేదు. రెండు చివర్లా కొంచెం పైకి వంగి, గోరు అంచులా ఉంది. అన్నం ముందు కూర్చుని నేను చూసింది లెక్క కాదు. కళ్లు కనపడని మనిషి ఆ రెండు స్తంభాల మధ్య చోటు వేలితో వెతుక్కుని, నా గీతల మీద, రెండు వందల కార్డుల మీదా, ఒక్కొక్క నొక్కు నొక్కాడు. అమ్మ నన్ను లేవనివ్వకపోవడం కూడా అందుకే. ఆ కొబ్బరికాయ నేను స్వామికి కాదు, నాన్నకి కొట్టాల్సింది.

నేను ఏడుస్తుంటే సాహితి కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. "మరి అమ్మమ్మకి ఏం చెప్పమంటారండి? గీత ఎందుకు పోయిందని?" అని అడిగింది.

కార్డు ఆ పిల్ల చేతికిచ్చి, బొటనవేలు పట్టుకుని ఆ రెండు స్తంభాల మధ్య ఆనించాను.

"పోలేదని చెప్పమ్మా. కళ్లజోడు తీసేసి, వేలితో చూడమను."